చోళ్ల మొలకతో మొదలుపెట్టండి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మేడమ్, ఇంట్లోనే బీరు చేసుకోవచ్చట కదా, ఎలా మొదలుపెట్టాలి?" అని మన కుర్రాళ్లు కొందరు నన్ను అడుగుతున్నారు. హాస్టల్ వార్డెన్‌గా నాలుగు తిట్టి పంపేయొచ్చు. కానీ టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని, అడిగినదానికి జవాబు చెప్పాలి.

బీరుకు ముందుగా బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. అదే మాల్ట్. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. ఆ మాల్టును నలగగొట్టి వేడినీళ్లలో ఉంచితే, అవి గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీళ్లలో హాప్స్ అనే చేదు పువ్వు వేసి మరిగించి, చల్లారాక ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడు వాయువును వదులుతుంది.

ఇందులో మనకు కొత్తేముంది? చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి విసరడం మన అవ్వలకు తెలుసు. పసిబిడ్డకు పెట్టే చోడి మాల్టు అదే. సరిహద్దు అవతల కోరాపుట్, బస్తర్‌లలో మన చుట్టాలు చేసే లాందా కూడా ఈ దారిలోదే. ఉడికించిన బియ్యప్పిండిలో మొలక ధాన్యపు పిండి కలిపి పులియబెడతారు. పులియడం సూక్ష్మజీవుల పని అని లూయీ పాశ్చర్ 1857 నుంచి ప్రయోగాలతో చూపించాడు. మన ఆడవాళ్లు ఆ పేర్లు తెలియకుండానే ఆ పనిని చేతిలో పెట్టుకున్నారు. అందుకే పులిసిన కుండను చూసి సిగ్గుపడకండి.

అయితే చట్టం కూడా తెలుసుకోండి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. సరదాకు చేసిన పని కేసు అయితే, పోలీసు ఉద్యోగానికి వెళ్లినప్పుడు వెరిఫికేషన్‌లో అది అడ్డుపడొచ్చు.

మరి నేర్చుకోవాలని ఉన్నవాళ్లు ఏం చేయాలి? అంబలితో మొదలుపెట్టండి. రాత్రి చోడి పిండిని నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున నూకలు ఉడికించి, పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ దించండి. కుండ శుభ్రంగా కడిగి ఎండబెట్టాలి. పులుపు పట్టేదానికి మట్టికుండో స్టీలు గిన్నెో వాడండి, రాగి, అల్యూమినియం వద్దు. పులుస్తున్నదాన్ని గట్టిగా బిరడా బిగించిన సీసాలో పెట్టకండి, వాయువు నిండి సీసా పగులుతుంది. ఎండాకాలం తొందరగా పులుస్తుంది, చలికాలం ఆలస్యమవుతుంది. రోజూ వాసన చూసి పుస్తకంలో రాసుకోండి. బూజు పడితే పారబోయండి. బీరు చేసేవాడు మొదట నేర్చుకోవాల్సినవీ ఇవే: శుభ్రత, వేడి, ఓపిక.

ఇంకో మాట. పండగకు పెద్దలకు ధార పోసి, అందరూ కూర్చుని తాగే జీలుగు కల్లు వేరు. సంతలో ప్యాకెట్లలో అమ్మే సారా వేరు. అందులో ఏం కలిపారో తాగేవాడికి తెలియదు. మిథనాల్ కలిసిందంటే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. పుస్తకాలకని అమ్మ దాచిన డబ్బు సారాకు పోయిందని నా దగ్గర ఏడ్చిన ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి "ఇది మన సంస్కృతి" అనలేను.

1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం, నిషేధం అమలుచేసే అధికారం గ్రామసభకు దక్కాలని చెబుతోంది. గ్రామసభలో మీరు కూర్చోండి, మీ అమ్మల్ని మాట్లాడనివ్వండి. ఊళ్లో ఏది ఉండాలో, ఏది పోవాలో అక్కడ తేల్చండి.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చుని, చోళ్లు ఎంతసేపు నానాలో, మొలక ఎంత పొడవు రావాలో అడిగి రాసుకురండి. మీ భాషలో ఏ మాట వాడితే ఆ మాటే రాయండి. ఆవిడ ఉండగానే అడగాలి.

జై ఆదివాసీ.