చేపల అంగడి మీది గ్రద్దలు

బేగం బజారు చేపల అంగడిలో నిలిచి మేము తలయెత్తి చూచితిమి. పారవేసిన వ్యర్థములకై గ్రద్దలు తిరుగుచుండెను. బేగంపేట విమానాశ్రయము అచ్చటికి 10 కిలోమీటర్ల లోపుననే యున్నది. 1937 నాటి విమాన నియమావళి ఆ పరిధిలో పక్షులను ఆకర్షించు చెత్త వేయరాదని శాసించినది.

వర్తకుల భాషలో చెప్పవలెనన్న, విమానచోదకునకు ఎత్తు, వేగము పెట్టుబడులు. దిగునపుడవి రెండును దాదాపు ఖర్చైపోయి యుండును. ఆ క్షణమున ఇంజనులోనికి గ్రద్ద జొచ్చినచో, సరిదిద్దుకొనుటకు వ్యవధి యేది? పైగా గ్రద్దలు విహరించునదియు ఆ ఎత్తులోనే.

ప్రయాణికుల విమానములు 2008 మార్చి 23న శంషాబాదునకు తరలినవి; నిజమే. కాని సైనిక, ప్రత్యేక విమానములు బేగంపేటలో నేటికిని దిగుచున్నవి.

“అవి ఎప్పుడూ ఇక్కడే ఉంటాయి కదండీ!” అనెనొక చేపల వర్తకుడు. మూతగల తొట్లు ఆ బజారులోనే అమ్ముచున్నారు.