లోకపు కొలతకు నిలిచిన పరుగు

(ఒక వ్యాయామశాల వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మనవారు పతకము నెఱుగుదురు, రికార్డు నెఱుగరు. ఎవరైన విదేశమునుండి పతకముతో తిరిగివచ్చినచో పూలదండలు, ఊరేగింపులు, పత్రికలయందు చిత్రములు. మంచిదే. కాని ఆ పరుగునకు పట్టిన కాలమెంత యని యడిగిన, చెప్పగలవారు ఈ సభలో పదుగురుందురా యని నా సందేహము. పతకమనగా ఆనాడు తమతో నిలిచిన ఏడెనిమిదిమందిపై గెలుపు. ప్రపంచరికార్డనగా ఆనాడచ్చటికి రానివారిపైనను, ఎన్నడో పరుగెత్తి విరమించినవారిపైనను గెలుపు. నాలుగువందల మీటరుల పరుగు నొక్కదానిని తీసికొని ఈ భేదమును మనవి చేసెదను.

1960లో రోము ఒలింపిక్సునందు మన మిల్ఖాసింగు ఈ పరుగున నాలుగవవాడై పతకమును పోగొట్టుకొనెను. ఇది దేశమంతయు నెఱిగిన కథ. అధికారులు ప్రకటించిన అతని కాలము 45.6 సెకండులు. రోము పోటీలకు ముందుండిన ఒలింపిక్ రికార్డు 45.9. అనగా ఆ కాలమతడు అంతకుముందటి ఏ ఒలింపిక్సున సాధించియున్నను అతనిని మించువాడుండడు! కాని ఆనాడు అమెరికావాడగు ఓటిస్ డేవిసును, జర్మనీవాడగు కార్ల్ కౌఫ్మనును 44.9 సెకండులలో గీత దాటిరి. నలుబదియైదు సెకండులలోపల ఈ దూరమును పరుగెత్తినట్లు అంతవరకు లోకములో రికార్డు లేదు. గెలిచినదెవరో తేల్చుటకు ఛాయాచిత్రమును చూడవలసివచ్చెను. బంగారము డేవిసునకు పోయినను, కౌఫ్మను ప్రపంచరికార్డున సమభాగి యయ్యెను. ఓడినవానికిగూడ న్యాయము చేయు గుణము రికార్డునకు గలదు, పతకమునకు లేదు.

రికార్డునకు ప్రాణము కొలత. బాటయొక్క లోపలి గట్టునుండి 30 సెంటీమీటరులు ఎడముగా ఒక గీత కలదని యెంచి, దానివెంబడి దూరమును కొలుతురు. చేతి గడియారమును నమ్మరాదని 1977నుండి ఈ దూరపు రికార్డులకు విద్యుద్యంత్రము చూపిన కాలమునే సెకండులో నూఱవవంతువఱకు లెక్కించుచున్నారు. నూఱుమీటరుల పరుగున వెనుకగాలి సెకండునకు 2 మీటరులు మించినచో రికార్డు చెల్లదు. నాలుగువందలకు ఈ నియమము లేదు; చుట్టివచ్చువానిని గాలి ఒకవైపు త్రోసినను మఱియొకవైపు అడ్డగించును గదా! అయినను కొలతకు లొంగని సంగతులు కలవు. సముద్రమట్టమునకు 2,240 మీటరుల ఎత్తుననున్న మెక్సికో నగరమున 1968లో లీ ఇవాన్సు 43.86 సెకండులలో పరుగెత్తెను. అచ్చటి పలుచని గాలి అతనికి తోడ్పడెననుట నిజమే. ఆ రికార్డు దాదాపు ఇరువదియేండ్లు నిలిచెను. 2016లో రియోనగరమున దక్షిణాఫ్రికావాడగు వాన్ నీకర్కు, ప్రత్యర్థులందఱును తన వెనుకనే బయలుదేరు ఎనిమిదవ వరుసనుండి, ఎవరిని చూచి వేగము పెంచుకొను వీలు లేకయే, 43.03 సెకండులలో ముగించెను. నా దృష్టిలో ఈ దూరమున ఇంతటి పరుగు వేఱొకటి లేదు.

పలుచని గాలిని క్షమింపవచ్చును. క్షమింపరానిది వేఱొకటి కలదు. స్త్రీల పరుగున 1985లో కాన్‌బెరాయందు తూర్పుజర్మనీ వనిత మరీటా కోఖ్ సాధించిన 47.60 నేటికిని చెదరలేదు. 2025లో టోక్యోయందు అమెరికా వనిత సిడ్నీ మెక్లాఫ్లిన్ 47.78వఱకు వచ్చి ఆగెను. కోఖ్ ఏ పరీక్షయందును పట్టుబడలేదు. కాని తూర్పుజర్మనీ రాజ్యము కూలిన పిదప బయటపడిన పత్రములు, ప్రభుత్వమే క్రీడాకారులకు మందు లిప్పించినదని ఋజువు చేసెను. దొంగతూకము వేసిన కాటాలో తూగిన సరకంతయు, మంచిదికూడ, సందేహమునకు గుఱియగును. దేశగౌరవము పేరిట చేసిన పని నిర్దోషులనుగూడ నోరెత్తనీయకున్నది.

ఇక మన యింటి మాట. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున, కూలిపనితో పొట్టపోసికొను కుటుంబమున పుట్టిన జీవంజి దీప్తిని చిన్ననాట ఊరివారు వెక్కిరించిరి. మేధోవికాసమున పరిమితులు గలవారికై ఏర్పఱచిన శ్రేణిలో ఆమె 2024 మే 20న జపానులోని కోబెయందు, ప్రపంచ పారా అథ్లెటిక్సు పోటీలలో, ఈ నాలుగువందల మీటరులను 55.07 సెకండులలో ముగించెను. అంతవఱకు రికార్డు అమెరికా వనితది, 55.12. సెకండులో నూఱింట అయిదు పాళ్లు! ఆ దినమున ఈ శ్రేణిలో లోకపు కొలత ఒక తెలుగుబిడ్డ పాదములయందుండెను. మనలో నెందఱకు తెలిసినది?

మూడున్నర మాసములకే పారిసు పారాలింపిక్సు తొలిపరుగులలో తుర్కీ వనిత ఐసెల్ ఓండెర్ 54.96తో దానిని దాటెను. విచిత్రమేమన, తుదిపరుగున ఓండెర్‌కు బంగారము దక్కలేదు, 55.16తో యుక్రెయిన్ వనిత గెలిచెను, ఓండెర్ 55.23తో రెండవదయ్యెను, మన దీప్తి 55.82తో కాంస్యము నందెను. ఆ కాంస్యమునకు ఊరూర సన్మానములు జరిగినవి. కోబెనాటి రికార్డునకు ఇంత సందడి లేదు.

మన బడులలో పరుగుపందెములకు మొదటి, రెండవ బహుమానములిత్తురు. కాలము వ్రాసియుంచువారు లేరు. ఈ వ్యాయామశాలవారికి నా విన్నపము చిన్నది. సరిగా కొలిచి గీచిన బాట యొకటి, నమ్మదగిన గడియారమొకటి, లెక్కపుస్తకమొకటి ఏర్పఱుపుడు. పరుగెత్తిన ప్రతి బాలుని, ప్రతి బాలిక కాలమును, ఓడినవారిదిగూడ, అందు వ్రాయుడు. వచ్చు వార్షికోత్సవమున బహుమానములకు ముందుగా ఆ పుస్తకమును సభకు చదివి వినిపింపుడు.