కణంలోకి దిగిన ప్లాటినం

మా రసాయనశాస్త్ర గురువుగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ప్రొద్దుటూరు రమ్మన్నప్పుడే విషయం ఖాయమైంది. బంగారం అంగళ్లకు పేరుపడ్డ ఊరిలో లోహం గురించి మాట్లాడాలి. అయితే ఒంటిమీద పెట్టుకునే లోహం గురించి కాదు, నరంలోకి ఎక్కించే లోహం గురించి.

అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాపై కరెంటు ప్రభావాన్ని పరీక్షిస్తుంటే అవి విభజన మాని దారాల్లా సాగిపోయాయి. కారణం కరెంటు కాదు, ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి కరిగివచ్చిన సమ్మేళనమని 1965లో ఆయన బృందం ప్రకటించింది. దాన్ని రసాయనవేత్తలు నూరేళ్లకు ముందే తయారుచేసి ఉన్నారు. మందని ఎవరికీ తోచలేదు. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుగా దానికి 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఒక ప్లాటినం పరమాణువు, ఒకే వైపున రెండు క్లోరిన్లు, రెండో వైపున రెండు అమోనియాలు, అంతే దాని నిర్మాణం. ఒకే రకం జంటను ఎదురెదురుగా అమర్చితే మందుగా పనికిరాదు. రక్తంలో క్లోరైడ్ సుమారు 100 మిల్లీమోలార్ ఉంటుంది కనుక అక్కడ క్లోరిన్లు చాలావరకు ఊడవు. కణంలో అది 4 నుంచి 20 మాత్రమే. అక్కడ క్లోరిన్ ఊడి, నీటి అణువు చేరి, ప్లాటినం చురుకవుతుంది. డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు గ్వానైన్లను కలిపి బిగిస్తుంది. డీఎన్‌ఏ వంగిపోతుంది, నకలు తీయడం ఆగుతుంది. బాగుచేసుకోలేని కణం తనను తానే చంపుకుంటుంది.

కణమూ ఊరుకోదు. గ్లూటాథయోన్ అనే అణువు ప్లాటినాన్ని దారిలోనే పట్టేస్తుంది. రాగిని బయటికి తోసే ప్రోటీన్లు దీన్నీ తోసేస్తాయి. మరమ్మతు ఎంజైములు బిగింపును కోసివేస్తాయి. తొలుత లొంగిన కణితి తర్వాత మొండికేయడానికి కారణాలివే.

ఈ మందు మూత్రపిండాల కణాల్లో పేరుకుంటుంది. అందుకే ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. మన పల్లెల్లో సెలైన్ అంటే బలానికని అనుకుంటారు. ఇక్కడ అది కిడ్నీలకు రక్షణ. జమ్మలమడుగు ఎండల్లో బస్సెక్కి ఇల్లు చేరే రోగి డాక్టరు చెప్పినన్ని నీళ్లు తాగడం వైద్యంలో భాగమే. వాంతులతో నీళ్లు నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బంగారం మాటా చెప్పాలి కదా. కీళ్లవాతానికి 1985లో అమెరికాలో అనుమతి పొందిన ఆరనోఫిన్‌లో ఉన్నది బంగారమే. అది థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఎంజైములోని సెలీనియాన్ని పట్టుకుంటుంది. క్యాన్సర్‌కు మాత్రం ఇంకా పరీక్షల దశలోనే ఉంది. స్వర్ణభస్మంతో క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే దయచేసి నమ్మవద్దు.

సిస్‌ప్లాటిన్ కథ ఇక్కడి పులివెందులకూ చేరుతుంది. అక్కడి డోలమైట్ రాళ్ల మధ్య రాతినార దొరుకుతుంది, దాన్ని తవ్వారు. రాతినార అంటే ఆస్‌బెస్టాస్. దాని ధూళి పీల్చినవారికి ఊపిరితిత్తుల పొరకు మీసోథీలియోమా అనే క్యాన్సర్ రావచ్చు, అదీ దశాబ్దాల తర్వాత. దీనికి సిస్‌ప్లాటిన్‌తోపాటు పెమెట్రెక్సెడ్ ఇవ్వడానికి 2004లో అమెరికా అనుమతించింది. పెమెట్రెక్సెడ్ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందు. ఆ తరహా మందులకు బాట వేసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారూ, లెడర్లే మందుల సంస్థలోని ఆయన సహచరులూ ఉన్నారు.

రాతినార గనుల్లో పనిచేసినవారు, ఆ ధూళి బట్టలు ఉతికిన ఇంటివారు, ఆయాసమో ఛాతీనొప్పో వస్తే డాక్టరుకు ముందు ఆ పని సంగతి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.