శునకము: కథయు, కొయ్యబొమ్మయు



కోపము వచ్చినప్పుడు మనము ఎదుటివానిని కుక్క యని నిందింతుము. కాని మన భారతమునకు మొదటను కుక్కయే, తుదను కుక్కయే కానవచ్చును. జనమేజయుని తమ్ములు సరమ యను దేవశునకము కొడుకును తప్పు లేకయే కొట్టిరి. నిరపరాధిని కొట్టినవారికి ఊహింపని భయము కలుగునని ఆ తల్లి శపించెను. మహాప్రస్థానమున ధర్మరాజు వెంటవచ్చిన శునకమును విడిచి స్వర్గరథ మెక్కుటకు ఒప్పుకొనలేదు. ఆ శునకము ధర్మదేవతయే యని పిమ్మట తెలిసెను.

మందకాపరులకు ఈ ధర్మము క్రొత్త కాదు. రాత్రివేళ తోడేలును అడ్డగించునది కుక్కయే కదా! కురుమలు, గొల్లలు కొలుచు మల్లన్న కొమురవెల్లిలోను, ఐనవోలులోను వెలసియున్నాడు. ఆ దేవునికే మైలారదేవుడని మఱియొక పేరు. మైలారుని శిల్పములలో గుఱ్ఱముతోపాటు కుక్కయు కానవచ్చును. కాలభైరవునకు వాహనమును అదియే.

సముద్రముల కావల, ఐర్లాండు దేశపు కెల్టుజాతివారి పురాణమున నొక కథ కలదు. సెటాంటా యను బాలుడు తనమీదికి ఉఱికిన కావలికుక్కను చంపెను. అది కులన్ అను కమ్మరిది. కమ్మరి దుఃఖింపగా, అటువంటి జాతికుక్కపిల్ల పెరిగి పెద్దదగువఱకు ఆ యింటిని తానే కాచెదనని బాలుడు మాట యిచ్చెను. నాటినుండి అతనికి 'కులన్ కుక్క' యను అర్థముగల పేరు నిలిచెను. మనకు తిట్టయినది వారికి బిరుదయ్యెను! చేసిన నష్టమును తన మేనితో తీర్చుటయే ఆ బిరుదునకు మూలము. నేటికిని ఆ సంప్రదాయపు వడ్రంగులు తీగెలవలె పెనవేసికొన్న వేటకుక్కలను పెట్టెలమీదను, పలకలమీదను చెక్కుచున్నారు.

కథను కొయ్యలో నిలుపు నేర్పు మనకును కలదు. జనగామకు చేరువనున్న చేర్యాలలో నకాషీ పనివారు తేలికయగు పొణికికొయ్యను చెక్కుదురు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి మెత్తి, సుద్ద పూసి, రంగులు దిద్దుదురు. అట్టి బొమ్మలను వరుసగా నిలిపి మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ చెప్పుదురు. కథ చెప్పించువారు తగ్గినకొలది బొమ్మ చేయించువారును తగ్గుదురు. కొడుకు తండ్రి ఉలిని విడిచి వేఱుపని వెదకుకొనును.

కావున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలకు నా మనవి యొక్కటే. ఊరిలో కథ చెప్పింపుడు. గుడికి తలుపు చేయించునప్పుడు వాకిలి కాచు కుక్కనొకదానిని చెక్కుమని పనివానిని అడుగుడు. అది యేల అచట నున్నదని పిల్లలు అడుగుదురు. అప్పుడు సరమ కథ చెప్పుడు. కథ మఱచిన ఊరిలో బొమ్మ వట్టి కొయ్యయే యగును.