ఒక అక్షరము – రెండు వ్రాతలు



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల బడులలో చదువు పిల్లలు రంగును తెలుపు 'కలర్' అను ఇంగ్లీషు మాటను నేర్చునపుడు, చివరి 'ఆర్' అక్షరమునకు ముందు 'యు' వ్రాయుదురు. అది విడిచినచో ఉపాధ్యాయులు తప్పు దిద్దుదురు. ఆ పిల్లలే పెద్దవారై కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయబూనినపుడు ఆ 'యు' ఉండుటయే తప్పగును. ఇది చిన్న విషయమే. కాని పల్లెనుండి వెళ్లిన విద్యార్థి తన చదువే తక్కువదని క్రుంగుటకు ఇట్టి చిన్న విషయములే చాలును.

ఈ భేదము దేశములను బట్టి వచ్చినదే గాని విద్యను బట్టి కాదు. ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన నిఘంటువు పాత వర్ణక్రమమును స్థిరపరచుటకు తోడ్పడినది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నాటి నిఘంటువున అనావశ్యకములని తోచిన అక్షరములను కొన్నింటిని విడిచెను. భారతదేశపు బడులకు మొదటి పద్ధతి ఆంగ్లేయ పాలనతో వచ్చినది. కంప్యూటరు భాషలలో పెక్కు అమెరికాలో రూపొందుటచే వానిలో రెండవ పద్ధతి నిలిచినది.

చదువరి అక్షరము లోపించినను భావమును గ్రహించును. ప్రోగ్రామును నడపు యంత్రము అక్షరములను సరిపోల్చునంతే. వెబ్ పుటలకు రంగులు నిర్ణయించు సి.ఎస్.ఎస్. భాషలో ఆ 'యు' చేర్చినచో యంత్రము తప్పని చెప్పదు. ఆ పంక్తిని విడిచి ముందునకు సాగును. రంగు మారదు, వ్రాసినవాడు కారణము తెలియక వెదకుచుండును. అదే భాషలో బూడిదరంగు పేరును మాత్రము ఇంగ్లండు రీతిని వ్రాసినను, అమెరికా రీతిని వ్రాసినను చెల్లును. 1996లో వెలువడిన హెచ్.టి.టి.పి. నిబంధనలలో 'రెఫరర్' అను మాటలో ఒక 'ఆర్' లోపించినది. అది ఏ దేశమువారికిని ఒప్పు కాదు. అయినను లోకమంతయు నేటికిని అట్లే వ్రాయుచున్నది. దిద్దినచో పాత ప్రోగ్రాములు దానిని గుర్తింపవు. కావున యంత్రమునకు వలసినది కట్టుబాటు. అందు ఒకరి ఘనత గాని, ఒకరి కొరత గాని లేదు.

ఆ 'యు' తగవు ఆత్మకూరునకును కలదు. ఇంగ్లీషున ఊరిపేరు చివర దానిని ఉంచువారు కొందరు, విడుచువారు కొందరు. పోల్చుటకు తగిన ఏర్పాటు లేనిచో యంత్రము వానిని రెండు ఊళ్లుగా నెంచును. పైగా నంద్యాల, అనంతపురము, వనపర్తి జిల్లాలలోను ఆత్మకూరులు కలవు. వ్రాత కుదరనిచో ఒకరి కాగితము మరియొక ఊరికి చేరవచ్చును.

తెలుగునకును ఈ చిక్కు తప్పదు. పాత పుస్తకములలో 'గుఱ్ఱము', నేటివానిలో 'గుర్రము'. యూనికోడ్ పద్ధతిలో 'ర'కు 3120, 'ఱ'కు 3121 సంఖ్యలు. ఒకదానికై వెదకినవానికి రెండవది దొరకకపోవచ్చును.

గ్రంథాలయములు దీనికి ఉపాయమును ఏనాడో కనుగొన్నవి. పట్టికలో ఒక రూపమును ప్రధానముగా నిలిపి, రెండవ రూపము కడ 'అచట చూడుడు' అని వ్రాయుదురు. ఏ రూపముతో వచ్చినవాడైనను పుస్తకమును చేరును. పిల్లలకు చెప్పవలసినదియు నిదియే: పరీక్షలో బడి వ్రాత, ప్రోగ్రాములో యంత్రపు వ్రాత, ఊరిపేరునకు అన్ని కాగితములలోను ఒకే వ్రాత. రెండు వ్రాతలు తెలిసినవాడు ఒకటే తెలిసినవానికంటె తక్కువవాడు కాడు.