చలికాలపు అడవిలో మూడు రోజులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. అది చెబితే భోజనాల లోపే సగం మంది కునుకు తీస్తారు. బోస్టన్ దగ్గర ఉంటూ ప్రతి చలికాలం అడవికి వెళ్తాను, ఆ సంగతి చెబుతాను. మీ పిల్లలు చాలామంది ఆ వైపే చదువుతున్నారు. జీన్స్, కాన్వాస్ బూట్లతో మధ్యాహ్నం పన్నెండింటికి మంచు కొండ ఎక్కడం మొదలుపెట్టే మన కుర్రాళ్లు నాకు ఏటా ఎదురవుతారు.

జనవరిలో మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఫిబ్రవరిలో మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. శని, ఆదివారాలు కలిస్తే మూడు రోజులు. మేం వెళ్లేది న్యూహాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌కి. అక్కడ అన్నిటికన్నా ఎత్తయిన మౌంట్ వాషింగ్టన్ 1,917 మీటర్లే, ఊటీ దొడ్డబెట్ట కన్నా తక్కువ. అయితే 1934 ఏప్రిల్‌లో దాని శిఖరం మీద గంటకు 372 కిలోమీటర్ల గాలి నమోదైంది. ఎత్తు చూసి లెక్కవేస్తే దెబ్బతింటాం.

జనవరిలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. అందుకే మా ప్లాను వెనక్కి తిరిగే సమయం నుంచి మొదలవుతుంది. ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కే. ఈ మాట కారెక్కే ముందే అనుకోవాలి. శిఖరం కనబడ్డాక ఎవరూ వినరు. ఒకసారి శిఖరం రెండొందల మీటర్ల దూరంలో ఉండగా ఒంటిగంట అయింది. ఆకాశం నిర్మలంగా ఉంది. తిరిగేశాం. మాలో ఒకాయన కారు దాకా మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ ఊసెత్తుతారు. ఎత్తనివ్వండి.

సామాను దగ్గర మన సైన్సు మాస్టారి పాఠమే పనికొస్తుంది. మంచు గుప్తోష్ణం గ్రాముకు 80 కాలరీలు. అంటే సున్నా డిగ్రీల మంచును నీళ్లు చేయడానికే, ఆ నీళ్లను 80 డిగ్రీలకు కాచేంత వేడి కావాలి. టెంటులో పడుకుంటే తాగే నీళ్లన్నీ మంచు కరిగించినవే, కనుక ఇంధనం వేసవిలో కన్నా చాలా ఎక్కువ మోయాలి. బ్యూటేన్ డబ్బా ఆ చలిలో ఆవిరవదు, స్టవ్వు మొరాయిస్తుంది. ద్రవ ఇంధనం స్టవ్వే మేలు. నీళ్ల సీసాను తలకిందులుగా పెడతాం. గడ్డ పైకి తేలుతుంది కనుక మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

నూలు బట్టలు వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. ఉన్ని గానీ పాలిస్టర్ గానీ వేసుకుని, చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి. తిండికి నువ్వుండలు, చెక్కలు. మంచుకు గడ్డకట్టని తిండి మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు!

కొత్తవాళ్లను జీలాండ్ ఫాల్స్ హట్‌కు తీసుకెళ్తాను. చలికాలంలో రోడ్డు మూసేస్తారు కనుక నడక దాదాపు పది కిలోమీటర్లు. పడక గదుల్లో వేడి ఉండదు, కాపలా మనిషి మాత్రం ఉంటారు.

మా ఆవిడ ఈ నడకలకు రాదు. కానీ కారు ఎక్కడ పెడతామో, ఏ దారిన వెళ్తామో, ఎన్నింటికి ఫోన్ చేస్తామో రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటిస్తేనే తాళం ఇస్తుంది. లోయల్లో ఫోన్ పలకదు. చెప్పిన గంటకు కబురు రాకపోతే 911కు ఆ కాగితమే చదివి వినిపిస్తుంది.

వచ్చే జనవరి నడకకు ఇద్దరికి చోటుంది. మీ పిల్లలెవరైనా వస్తానంటే కార్యదర్శి గారి దగ్గర నా నంబరు ఉంది. స్లీపింగ్ బ్యాగు, స్నోషూలు నేను సర్దుతాను. నువ్వుండలు వాళ్లు తెచ్చుకోవాలి.