ట్యాంకు మీటరుకు పిడుగు దెబ్బ

కందుకూరు, శంషాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ట్యాంకుల మీద మట్టం కొలిచే లెవెల్ ట్రాన్స్‌మిటర్లుంటాయి. ఎండాకాలం చివర ఉరుములతో గాలివాన వచ్చినప్పుడు వీటికే గండం. పిడుగు నేరుగా పడనక్కర్లేదు. దగ్గర్లో పడినా పొడవాటి కేబుల్‌లోకి సర్జ్ ఎక్కుతుంది. అందుకే సర్జ్ ప్రొటెక్టర్ ట్యాంకు దగ్గరొకటి, కంట్రోల్ రూములో ఒకటి ఉండాలి. ఎర్త్ తీగ పొట్టిగా ఉండాలి, ట్యాంకు ఎర్త్‌తో కలిసి తీరాలి. విడిగా గుంత తవ్వి కలపకుండా వదిలేస్తే, పిడుగు వేళ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు.

ఈ ట్రాన్స్‌మిటర్లు పంపే సిగ్నల్ సాధారణంగా 4 నుంచి 20 మిల్లీఆంపియర్లు. 3.6కి పడిపోయినా, 21 దాటినా సాధారణంగా అది పరికరం లోపమే. దానికి వేరే అలారం పెట్టండి. ట్యాంకులోని అలలకు లెవెల్ అలారం మోగకుండా కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. ఉత్తుత్తి అలారాలతో విసిగిన ఆపరేటరు అసలైనదాన్నీ నొక్కేస్తాడు. నాకు అన్నిటికన్నా భయం అదే.

అలారం మోగకపోయినా ప్రమాదమే: 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో ట్యాంకు గేజీ ఇరుక్కుపోయింది, విడిగా ఉన్న హై లెవెల్ స్విచ్చూ పనిచేయలేదు. పెట్రోలు పొంగి, ఆవిరి పేలింది. మీ ట్యాంకు స్విచ్చును వానలకు ముందే పరీక్షించండి. ఉరుములు వినిపిస్తున్నంతసేపు మాత్రం ట్యాంకు ఎక్కొద్దు.